కొట్టం మాటలో ప్రార్థన

అర్థం తెలియకుండా కంఠస్థం చేసిన ప్రార్థన దేవుడి దగ్గర లెక్కకి వస్తుందా రాదా అన్న సందేహం ఆస్మస్‌ని ఎనిమిదో ఏట పట్టుకుంది. యాభై దాటినా వదల్లేదు. ప్రభువు నేర్పిన ప్రార్థనని అతను బడిలో జర్మన్‌లో నేర్చుకున్నాడు. అప్పటికి అతనికి జర్మన్‌లో ఒక్క ముక్క రాదు. పంతులు బెత్తం పట్టుకుని ముందు తను అనేవాడు, వెనక పిల్లలు అనేవాళ్లు. ఆ శబ్దాలు నోట్లో కుదురుకున్నాయి, బెత్తం తప్పింది, అంతే. తరవాత సంతల్లో తిరిగి, పన్నులు కట్టి, జర్మన్ బాగానే నేర్చుకున్నాడు. కానీ అప్పటికే ప్రార్థన నోట్లో అరిగిపోయిన గడపలా అయిపోయింది. రోజూ దాటతాం, ఎప్పుడు దాటామో తెలియదు. ఈ సంగతి అతను ఎవరినీ అడగలేదు. పాస్టరుని అడిగితే కిరికిరి మనిషి అనుకుంటాడు. పెళ్లాం ఉన్నప్పుడు ఆమెని అడిగి ఉంటే, ముందు ఆవులకి గడ్డి వేసి రమ్మని ఉండేది.

డెన్మార్క్‌కీ జర్మన్ రాజ్యాలకీ మధ్యనున్న ఆంగెల్ సీమలో మాట సంగతి చాలాకాలంగా అలాగే ఉంది. పొయ్యి దగ్గరా, కొట్టంలోనూ తాతల నాటి డేనిష్. పట్నంవాళ్లు దాన్ని కాకి డేనిష్ అనేవాళ్లు. సంతలో పల్లపు జర్మన్, అంటే నాటు జర్మన్. చర్చిలో, కచేరీలో, బడిలో పై జర్మన్, పుస్తకాల మాట. ఒక్క మనిషి ఒక్క రోజులో మూడు మాటలు మార్చేవాడు, చెప్పులు మార్చినట్టు. దాని గురించి ఎవరూ ఆలోచించేవాళ్లు కాదు. జర్మన్ పక్షంవాళ్లు డేనిష్ రాజు మీద తిరగబడ్డ యుద్ధం అయిపోయాక కోపెన్‌హాగన్ నించి రాజుగారి ఉత్తర్వు వచ్చింది. ఈ నేల డేనిష్ నేల కాబట్టి బడి డేనిష్‌లో జరగాలి, చర్చిలో ఒక ఆదివారం జర్మన్, మరుసటి ఆదివారం డేనిష్. అప్పటిదాకా ఇంట్లో కాకి డేనిష్ మాట్లాడినవాళ్లే ఆ డేనిష్ ఆదివారాలు చర్చికి రావడం మానేశారు. కొందరు తల్లులు పొయ్యి దగ్గర కూడా పిల్లల్ని ఆ మాట ఆడనివ్వడం మానేశారు. సొంత మాటనైనా పైనించి ఉత్తర్వేసి తినిపిస్తే మింగుడు పడదు కాబోలు అనుకునేవాడు ఆస్మస్.

అతను చర్చి ధర్మకర్త. కానుకల పెట్టె తాళం చెవి అతని దగ్గరే ఉంటుంది కాబట్టి రెండు రకాల ఆదివారాలూ వెనక బల్ల మీద కూర్చునేవాడు. ఊరివాళ్లు దాన్ని తప్పు పట్టలేదు. ఉద్యోగం, ఏం చేస్తాడు అనుకున్నారు.

ఆ ఏడు కోతలయ్యాక అతని తల్లి బోటిల్లా మంచం పట్టింది. గోడలోకి కట్టిన తలుపుల మంచంలో, రెండు ఈకల పరుపుల మధ్య, ఆవిడ ఎండిన చేపలా పడి ఉండేది. పగలంతా ధాన్యం కొట్టడం, పొద్దున్నా సాయంత్రం పాలు పితకడం, మధ్యలో తల్లిని లేపి కూర్చోబెట్టి బీరు జావ చెంచాతో పట్టడం. ఆస్మస్‌కి నడుం ఎక్కడుందో తెలియకుండా పోయింది. కూతురు ఎల్సబే మొగుడితో ఆ ఇంట్లోనే ఉండేది. ఆ పిల్ల మంచిదే. కానీ మొగుడితో పల్లపు జర్మన్, ముసలమ్మతోనూ పల్లపు జర్మనే.

సెప్టెంబరు చివర సెయింట్ మైకేల్ పండగ దాటాక ముసలమ్మకి జర్మన్ పోయింది. పళ్లు రాలినట్టు ఒక్కొక్క మాటే రాలిపోయింది. ఎల్సబే స్తోత్రాల పుస్తకం తీసి చదువుతుంటే, "ఎవర్రా ఆ గుర్రాల బేరగాడు, లోపలికెందుకు రానిచ్చావు" అంది కొడుకుతో.

"నానమ్మకి నా మాటే అర్థం కావట్లేదు నాన్నా," అంది ఎల్సబే ఆ సాయంత్రం పొయ్యిలో ఎండబెట్టిన పీట్ మట్టిగడ్డ వేస్తూ. "నేను పుట్టినప్పట్నించీ ఇదే మాట కదా మాట్లాడుతున్నా ఆవిడతో."

"ఇన్నాళ్లూ అర్థం చేసుకుంది. ఇప్పుడు అలిసిపోయినట్టుంది," అన్నాడు ఆస్మస్.

నవంబరులో పాస్టరు రోనవ్‌ని పిలిపించారు. రోగి దగ్గరకొచ్చి రొట్టె, ద్రాక్షారసంతో ప్రభు భోజనం ఇచ్చే పని ఏ భాషలో జరగాలన్నది ఇంటివాళ్ల ఇష్టం. ఊళ్లో అందరూ జర్మనే అడిగేవాళ్లు, ఉత్తర్వు మీద కసితో. ఆస్మస్ కూడా ఆలోచించకుండా జర్మన్ అనేశాడు. పాస్టరు నల్ల అంగీ వేసుకుని, మంచం పక్కన మోకరించి, చక్కటి జర్మన్‌లో మొదలుపెట్టాడు. బోటిల్లా కాసేపు చూసి గోడవైపు తిరిగిపోయింది.

"అమీనుకి చెప్పరా, పన్ను కట్టేశామని," అంది. "రశీదు కూడా ఉంది."

రొట్టె దగ్గరికి తెస్తే పెదాలు బిగించింది. అమీను చేతి రొట్టె తను తినదట. పాస్టరు గిన్నె మళ్లీ గుడ్డలో చుట్టుకుని బండెక్కాడు. తల్లి ప్రభు భోజనం లేకుండా పోతుందేమోనన్న భయం ఆ రోజు నించి ఆస్మస్ గుండెలో కూర్చుంది. ఆవిడ డెబ్బై ఏళ్లు ప్రతి పండక్కీ ఆ బల్ల దగ్గరికి వెళ్లిన మనిషి.

తరవాతి డేనిష్ ఆదివారం చర్చిలో ఉన్నది పాస్టరు, గంట కొట్టే పంతులు, ఒక పోలీసు జవాను, వెనక బల్ల మీద ఆస్మస్. ప్రసంగం అయ్యాక ఆస్మస్ పెట్టెకి తాళం వేసి బయటికొచ్చాడు. పాస్టరు తలుపు పక్కన గోడని చూస్తూ నిలబడి ఉన్నాడు. ఆ గోడలో అడ్డంగా పెట్టిన పాత రాయి ఒకటి ఉంది, దాని మీద కొడవలి గీతల్లాంటి అక్షరాలు. ఆస్మస్ చిన్నప్పుడు దాని మీద కత్తి నూరేవాడు.

"దీన్ని చదివించాను," అన్నాడు పాస్టరు. "ఎవరో తన సావాసగాడు పోతే నిలబెట్టిన రాయి. వెయ్యేళ్ల నాటిది."

"ఏం మాటలో ఉందయ్యగారూ?"

"మన మాటే. నాకూ మీకూ, స్వీడన్‌వాళ్లకీ, నార్వేవాళ్లకీ అందరికీ అప్పుడు ఒకటే మాట. ఆ తరవాత ఎవరి దారిన వాళ్లు పోయారు."

"అయితే వాడొచ్చి మాట్లాడితే మా అమ్మకి అర్థమవుతుందా?"

పాస్టరు కొంచెం ఆలోచించాడు. "కాదనుకుంటా. నాకూ కాదు. వెయ్యేళ్లలో చాలా అరిగిపోతుంది. మా కోపెన్‌హాగన్ వైపు దీవుల్లో ఒక రకంగా అరిగింది, మీ దగ్గర ఇంకో రకంగా. మధ్యలో జర్మన్ వర్తకులొచ్చారు, సగం సామాన్ల పేర్లు వాళ్లవే. జర్మన్ పాస్టర్లొచ్చారు. మా రాజులే తరాల తరబడి భోజనాల దగ్గర జర్మన్ మాట్లాడారు. ఇప్పుడేమో నన్ను పంపించారు, దాన్ని వెనక్కి తిప్పమని." ఖాళీ బల్లల వైపు చెయ్యి ఊపాడు. "తిప్పుతున్నాను, చూస్తున్నారుగా."

ఆస్మస్‌కి నవ్వు రాలేదు. ఆ మనిషి మొహంలో కూడా నిద్ర లేదు. కోపెన్‌హాగన్ పక్క నించి వచ్చి ఆరేళ్లయింది, ఊళ్లో ఒక్క ఇల్లూ కాఫీకి పిలవలేదు.

"మా అమ్మ దగ్గరికి మళ్లీ రండి," అన్నాడు. "ఈసారి డేనిష్‌లో."

పాస్టరు అతని వైపు తిరిగి చూశాడు. "ఆలోచించుకునే అంటున్నారా? ఊళ్లో ఏమంటారో తెలుసుగా."

"తెలుసు. ఆలోచించే ఓపిక కూడా లేదండి. ఆవిడకి అర్థమయితే చాలు."

ఇంటికొచ్చి చెబితే ఎల్సబే చేతిలో గిన్నె కింద పెట్టేసింది.

"రేపు నానమ్మ పోతే ఎవరొస్తారు నాన్నా మొయ్యడానికి?"

ఆ ఊళ్లో శవపేటికని సొంతవాళ్లు మొయ్యకూడదు. కొడుకులు, అల్లుళ్లు వెనక నడవాలి, భుజం పట్టేది పొరుగువాళ్లే. ఎవరింట్లో చావు జరిగినా పక్క ఇళ్లలోంచి నలుగురు వచ్చి నాలుగు మూలలూ పట్టుకుంటారు. ఈ ఇంటికి నువ్వు భుజం ఇస్తే, నీ ఇంటికి వాళ్లు భుజం బాకీ. సొంత కొడుకు మొయ్యాల్సి వచ్చిందంటే ఆ ఇంటికి పొరుగు లేదని అర్థం. అంతకన్నా తలవంపు ఇంకోటి లేదు.

"కమ్మరి స్మిత్ వస్తాడు," అన్నాడు ఆస్మస్. "రాజుగారి జవాన్ల గుర్రాలకి నాడాలు కొడతాడు, వాడికేం భయం."

"ఒక్కడు."

"హిన్రిక్ ఉన్నాడు. భుజం బాకీ ఉన్నాడు మనకి."

ఎల్సబే తండ్రి వైపు జాలిగా చూసింది. హిన్రిక్ పక్క పొలం ఆసామి. తమ్ముణ్ణి యుద్ధంలో రాజు సేనల మీదికి పంపి పోగొట్టుకున్నవాడు. ఆ యుద్ధపు చలికాలంలోనే అతని భార్య పోయింది. దారంతా మంచు కరిగి మోకాలి లోతు బురద, ఎక్కడ చూసినా సైనికులు. ఆ రోజు ఆస్మస్ ఎడమ వెనక మూల పట్టుకుని చర్చిదాకా మోశాడు. తరవాత ఈ పదేళ్లలో ఆస్మస్ ఇంట్లో చావుల్లేవు. ఆస్మస్ భార్య పోయింది కూడా అంతకుముందే. అందుకని ఆ బాకీ అలాగే ఉండిపోయింది. ఇద్దరూ చిన్నప్పుడు ఒకే చెరువు మీద మంచులో జారినవాళ్లే. ఇప్పుడు దారిలో ఎదురైతే హిన్రిక్ పల్లపు జర్మన్‌లో రెండు ముక్కలు పడేసి పోయేవాడు.

"హిన్రిక్ మావయ్య డేనిష్ పాస్టరుని పిలిచిన ఇంటికి వస్తాడా?" అంది ఎల్సబే. "కలగంటున్నావు నాన్నా."

అయినా పాస్టరు వచ్చాడు. పట్టపగలే వచ్చాడు. అతని బండి ఆస్మస్ వాకిట్లో ఆగడం దారిన పోయే ప్రతివాడూ చూశాడు. పాస్టరు మంచం పక్కన మోకరించి, ఈసారి అచ్చమైన కోపెన్‌హాగన్ డేనిష్‌లో, మెత్తగా, నిదానంగా మొదలుపెట్టాడు. ఆస్మస్ తల్లి మొహం చూశాడు. ఆవిడ మర్యాదగా వింది. ఆయన ఆగాక కొడుకు చెయ్యి పట్టి లాగింది.

"పాపంరా," అంది. "కిందటిసారి వచ్చినాయనే నయం. ఈయనకి జర్మన్ సరిగా రాదు."

ఎల్సబే మొహం తిప్పుకుంది. ఆ ఇంట్లో ఎవరికీ ఆ పొరపాటు వింతగా తోచలేదు. నల్ల అంగీ వేసుకున్న మనిషి నోట్లోంచి వచ్చేది జర్మన్ కాక ఇంకేమవుతుంది. డెబ్బై ఏళ్లూ అలాగే వచ్చింది. పాస్టరు మాత్రం పుస్తకం మూసి మోకాళ్ల మీదే వెనక్కి వాలాడు. నొచ్చుకున్నాడో, నవ్వొచ్చిందో తెలియలేదు. రెండింటికీ ఓపిక లేనివాడిలా ఉన్నాడు.

"ఏమంటోంది?"

"మీ జర్మన్ బాగాలేదంటోంది అయ్యగారూ."

"అదొక్కటే బాగుంటుందన్నారు ఇన్నాళ్లూ," అన్నాడు పాస్టరు.

ఆస్మస్ టోపీ చేతుల్లో తిప్పుతూ నిలబడ్డాడు. సిగ్గుపడుతూనే అన్నాడు.

"మీరు అనండి. మీ వెనక నేను మా మాటలో అంటాను. కానీ అది కొట్టం మాటండి. ఆవుల్ని అదిలించే మాట. దేవుడి ముందు ఎప్పుడూ ఎవరం అనలేదు."

పాస్టరు చేతిలోని పుస్తకం అట్ట వేలితో రుద్దాడు. ఆ పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చదవాలన్నది నియమం. "చదవాల్సింది నేను," అన్నాడు చివరికి. "నేను చదివింది మీరు మీ అమ్మకి చెప్పకూడదని మాత్రం ఎక్కడా రాయలేదు."

అలా మొదలయింది. పాస్టరు ఒక ముక్క అనేవాడు, ఆస్మస్ దాన్ని పొయ్యి దగ్గరి మాటలోకి దించేవాడు. రెండూ డేనిషే. ఒక తల్లి బిడ్డలే గాని వేరే ఇళ్లల్లో పెరిగినట్టున్నాయి. ఆస్మస్‌కి చెవులు వేడెక్కాయి. బురద చెక్కచెప్పులతో చర్చిలో పీఠం దాకా నడిచినట్టుంది.

"అయ్యా, పైనుండేవాడా," అన్నాడు. "ఇవాళ్టి రొట్టె ఇవాళ పెట్టు మాకు."

ముసలమ్మ కళ్లు తెరిచింది. "పిండి ఉందిగా పెట్టెలో," అంది. తరవాత ఏదో తెలిసినట్టు చేతులు జోడించుకుంది. మిగతా ముక్కలు కొడుకుతో పాటు తనూ అంది, కొన్ని అతనికన్నా ముందే. ఎవరూ నేర్పని మాటల్లో అలా ఎలా అనగలిగిందో ఆస్మస్‌కి అర్థం కాలేదు. పాస్టరు రొట్టె ఇస్తే నోరు తెరిచింది. ద్రాక్షారసం పట్టిస్తే గుటక వేసి, "పుల్లగా ఉంది," అని పడుకుంది.

బండిదాకా సాగనంపుతూ ఆస్మస్ తన సందేహం బయటపెట్టాడు. ఇవాళ రొట్టె అన్నప్పుడు తనకి రొట్టె కనపడిందనీ, నలభై ఏళ్ల పైగా జర్మన్‌లో అన్నప్పుడు ఒక్కసారీ కనపడలేదనీ చెప్పాడు. "మరి ఆ అన్నవన్నీ ఏమయినట్టు అయ్యగారూ? పోయినట్టేనా?"

పాస్టరు కళ్లెం చేతికి చుట్టుకున్నాడు. "నాకు తెలియదు ఆస్మస్ గారూ," అన్నాడు. "నేను రెండు వారాలకోసారి ఖాళీ బల్లలకి ప్రసంగం చేస్తాను. అవేమవుతున్నాయో అదీ తెలియదు. ఆయన దగ్గర చేరతాయనే అనుకుంటాను. అనుకోకపోతే పొద్దున్నే లేవలేను."

ఆ జవాబు ఆస్మస్‌కి చాలలేదు. కానీ అడిగినందుకు కొంచెం తేలికపడ్డాడు.

క్రిస్మస్ ముందు వారం బోటిల్లా పోయింది. పాలు పితికి లోపలికొచ్చేసరికి ఊపిరి లేదు. ఆస్మస్ నల్ల కోటు తొడుక్కుని ఆచారం ప్రకారం చుట్టుపక్కల ఇళ్లకి కబురు చెప్పడానికి బయల్దేరాడు. కబురు చెప్పేవాడు గడప లోపలికి వెళ్లడు. సగం తలుపు మీంచి చెప్పి తిరిగిపోతాడు. స్మిత్ వెంటనే వస్తానన్నాడు. విధవరాలు గుండెల్ తన పాలేరుని పంపిస్తానంది, పాలేరుకి ఏ దేశమైతేనేం అంది. నేతపనివాడు టోమస్ చాలాసేపు బుర్ర గోక్కుని, వెన్ను నొప్పి అన్నాడు. మళ్లీ ఆస్మస్ వెనక దారిదాకా నడిచొచ్చి, "వస్తాలే, మీ అమ్మ నాకు మంత్రసాని" అన్నాడు. మిగతా ఇళ్లల్లో గుర్రం కుంటుతోందన్నారు, దగ్గు అన్నారు. ఒక ఇంట్లో కుక్క మాత్రమే మొరిగింది.

హిన్రిక్ సగం తలుపు మీద మోచేతులు ఆనించి పైపు కాలుస్తున్నాడు. ఆస్మస్ కబురు చెప్పాడు. గురువారం పదకొండు గంటలకని చెప్పాడు.

"ఏ పుస్తకంతో పూడుస్తారు?" అన్నాడు హిన్రిక్ పల్లపు జర్మన్‌లో.

"డేనిష్."

హిన్రిక్ పైపు తీసి చూసుకున్నాడు. అది ఆరిపోయింది. "విన్నాను," అని లోపలికి పోయాడు. వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు.

గురువారం మంచు లేదు, వాన లేదు, ఉత్త తడి. పేటికని వాకిట్లో రెండు బల్లల మీద పెట్టారు. స్మిత్, గుండెల్ పాలేరు, టోమస్ మూడు మూలల దగ్గర నిలబడ్డారు. నాలుగో మూల ఖాళీ. ఎల్సబే మొగుడు చేతి తొడుగులు తీశాడు.

"నేను పడతాను మావయ్యా. ఎంతసేపు నిలబడతాం."

"నువ్వు సొంతవాడివి," అన్నాడు ఆస్మస్.

"ఎవరు చూస్తున్నారు ఇక్కడ."

ఇప్పుడు ఆస్మస్‌కి కోపం కూడా లేదు. ఎక్కడో ఒకచోట కూర్చోవాలని ఉంది, అంతే. ఆ పిల్లాణ్ణి పట్టనివ్వాలని తల ఆడించబోతుంటే కంచె సందులోంచి హిన్రిక్ వచ్చాడు. పెళ్లాన్ని పూడ్చిన రోజు వేసుకున్న కోటే, మోచేతుల దగ్గర పచ్చబడింది. ఎవరి వైపూ చూడకుండా టోమస్ దగ్గరికి వెళ్లాడు.

"జరుగు. ఎడమ వెనక నాది."

"నేను పట్టుకున్నాగా," అన్నాడు టోమస్.

"ఆ రోజు ఆస్మస్ పట్టింది ఎడమ వెనక. నేనూ అదే పడతాను. ముందుకు పో."

టోమస్ ముందుకు పోయాడు. నలుగురూ ఎత్తారు. ఆస్మస్, ఎల్సబే, అల్లుడు వెనక నడిచారు. ఒండ్రు నేల చెప్పులు లాగేస్తోంది. వాగు దగ్గర దిగుడులో పాలేరు కాలు జారి పేటిక ఒక పక్కకి ఒరిగింది.

"ఆగు, ఆగు. కింద పెట్టకు," అన్నాడు హిన్రిక్. "ముందరోళ్లు ఎత్తి పట్టండి. టోమస్, నీ వైపు మరీ ఎత్తకురా. అలా. ఇప్పుడు మెల్లగా రండి."

"గట్టు జారుడుగా ఉంది," అన్నాడు స్మిత్.

"తెలుసు. నా కాళ్లు ఉన్నాయిగా వెనక."

ఆ మాటలన్నీ కాకి డేనిష్‌లోనే వచ్చాయి. బరువు మొయ్యడానికీ, బురదలో దిగడానికీ ఆ ఊళ్లో ఇంకో భాషలో మాటలు పుట్టలేదు. హిన్రిక్ ఆ మాట ఆడి ఎన్నాళ్లయిందో. అతను గమనించినట్టు లేదు. ఆస్మస్ గమనించాడు.

చర్చి గేటు దగ్గర పాస్టరు ఎదురొచ్చి ముందు నడిచాడు. గుంట దగ్గర పేటిక దించి, పట్టీలు వేసి, నలుగురూ కలిసి కిందికి వదిలారు. హిన్రిక్ తన పట్టీని చివరిదాకా పట్టుకుని, పేటిక నేలకి తాకాక లాగి, మడతపెట్టి గడ్డి మీద ఉంచాడు. అరచేతులు కోటుకి తుడుచుకున్నాడు. పాస్టరు డేనిష్ పుస్తకం తెరవబోతున్నాడు.

హిన్రిక్ టోపీ పెట్టుకుని గేటు వైపు నడిచాడు. ఆస్మస్ పక్కకొచ్చాక ఒక్క క్షణం ఆగాడు.

"చెల్లింది," అన్నాడు.

"చెల్లింది," అన్నాడు ఆస్మస్.

పాస్టరు అతను గేటు దాటేదాకా ఆగి, అప్పుడు చదవడం మొదలుపెట్టాడు.